నాలుగు పెట్టల లెక్క

ముప్పై ఏళ్లు కుహ్మో ఊరికి ఉత్తరాలు మోశాను.
వాటితోపాటు కోళ్ల కేటలాగులూ నేనే మోశాను.
మార్చి రాగానే కవర్లు చిరిగి బొమ్మలు తొంగిచూసేవి:
డేగరంగు, కాకినలుపు, పాలతెలుపు.
అందరి కోళ్లూ నా సంచిలోంచే వెళ్లాయి,
నా గుమ్మంలో ఒక్క ఈకా రాలలేదు.

రిటైరైన వారానికి
కట్టెల కొట్టం ఖాళీ చేశాను.
ఆ రాత్రే గీతల కాగితం మీద పట్టిక:
ఏ జాతి, ఏడాదికెన్ని గుడ్లు, ఎంత మేత, ధరెంత.
లెగ్‌హార్న్ పక్కన పెద్ద అంకె వేసి
కింద రెండు గీతలు గీశాను.
ఆర్పింగ్టన్ పక్కన ‘లావు, నెమ్మది’ అని రాసి,
నా గురించి రాసుకున్నట్టుంటే కొట్టేశాను.

మర్నాడు వియెనో ఇంటికి వెళ్లాను.
ఎనభై నాలుగేళ్ల మనిషి. కళ్లద్దాలు వెతకలేదు.
కాగితం తిరగేసి దానిమీద కాఫీ కప్పు పెట్టింది.

"జనవరిలో మన దగ్గర ఎంత చలి, రౌహా?"
"మైనస్ ఇరవై ఎనిమిది. ఒక్కోసారి ముప్పై అయిదు."
"మరి నీ తెల్లదాని నెత్తిన జుట్టు చూశావా,
ఎర్ర చేతిగుడ్డలా అంతెత్తున?
మొదట నల్లబడేది అదే.
నీ చెవులకి టోపీ ఉంది. దానికి నువ్వు అల్లుతావా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"గుడ్లు కావాలా, తోడు కావాలా?"
రెండూ అన్నాను, సంతలో బేరమాడినట్టు.
"నువ్వొక్కదానివి. రోజుకెన్ని తింటావు?"

ఒకటి. ఆదివారం రెండు.
ఆ గడి నా పట్టికలో లేదు.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీ అవతల ఆవిడ కోళ్లు
నీడలో మిగిలిన మంచు అంచున మట్టి కెలుకుతున్నాయి.
ఒకదాని పోలిక ఇంకోదానికి లేదు.
చివరికి అంది:
"కొన్నేళ్లకి గుడ్లు మానేస్తుంది.
మానేశాక కూడా బతుకుతుంది, చాలాకాలం.
అప్పుడేం చేస్తావో ఇప్పుడే చెప్పు.
గొడ్డలైనా సరే, తప్పు పట్టను.
చెప్పలేని వాళ్లకి మాత్రం కోడినివ్వను."

సంచి మోసిన భుజం తడుముకున్నాను.
అరవై మూడేళ్లు నాకు. పని మానేసి ఎనిమిది రోజులు.
"ఉంచుకుంటాను" అన్నాను.
గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆవిడ లేచి అట్టపెట్టె తెచ్చింది.

నాలుగు పెట్టలు. ఫిన్లాండ్ నాటువి.
జాతి పేరేమిటంటే ఎక్కడిదో ఒక పల్లె పేరు చెప్పింది.
ఇన్నేళ్లు మోసిన ఏ కేటలాగులోనూ వీటి బొమ్మ లేదు.
ఒకటి కక్కెర, ఒకటి బూడిద,
ఒకటి రై రొట్టె మాడిన అంచు రంగు.
నాలుగోది ఇంకా తేల్చుకోలేదు.

"ఎగురుతాయి" అంది, నేను గేటు దాటాక.

ఎగిరాయి. మొదటి సాయంత్రమే
బూడిదది స్ప్రూస్ చెట్టెక్కింది.
చీకటి పడితే కోడిని పట్టుకోవడం తేలికంటారు,
మే నెలాఖరున ఇక్కడ చీకటెక్కడిది?
నిచ్చెన కింద నిలబడి బతిమాలాను,
రిజిస్టరు ఉత్తరానికి సంతకం పెట్టని ఇంటి ముందు
నిలబడ్డట్టు.
అర్ధరాత్రి దాటాక తనంతట తనే దిగి
నన్ను చూడనట్టే కొట్టంలోకి నడిచింది.

వేసవంతా బాగానే పెట్టాయి.
నవంబరు నుంచి ఒక్క గుడ్డు లేదు.
కాగితం ప్రకారం నేను మునిగిపోయాను.
అయినా తెల్లారకముందే
మోకాలి లోతు మంచులో నడిచి
నీళ్ల గిన్నెలో గడ్డ పగలగొట్టేదాన్ని.
లాంతరు వెలుగుకి నాలుగు తలలు లేచేవి.
నాలుగోది, ఇప్పటికి తేలింది, తేనెమీద బొగ్గుపొడి చల్లిన రంగు,
నా ముంజేతి మీదికెక్కి కూర్చునేది.
కోటు మందాన్ని దాటి దాని పొట్ట వెచ్చదనం
ఎలా చేరేదో నాకు తెలియదు.

ఫిబ్రవరి పదకొండున గుడ్డు. చిన్నది.
నేను వెళ్లేలోపే గడ్డకట్టి చీలింది,
సరస్సు మీద మంచు చీలినట్టు
ఆ చివర నుంచి ఈ చివరకి.
గంజిలో వేసుకుని తిన్నాను.

తర్వాత పట్టిక వెతికాను.
వెనకవైపు వియెనో కప్పు మరక
గుండ్రంగా ఎండిపోయి ఉంది.
ఆ గుండ్రంలో ‘ఒకటి’ అని రాశాను.